బయటి కాంతి పడిన డయోడ్ లేజర్ లాక్ కాకుండా డోలనంలోకి వెళితే అది లోపమా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. 1550 నానోమీటర్ల దగ్గర పనిచేసే రెండు డీఎఫ్‌బీ లేజర్లలో (లోపలి సన్నని గీతల గ్రేటింగ్ వల్ల ఒకే పౌనఃపున్యం వెలువరించే డయోడ్ లేజర్లు) ఒకదాని (మాస్టర్) కాంతిని అటెన్యుయేటర్ (కాంతిని తగ్గించే పరికరం), సర్క్యులేటర్ (వచ్చే, పోయే కాంతిని వేరు దారుల్లోకి మళ్లించే పరికరం) మీదుగా రెండోదానిలోకి (స్లేవ్) పంపుతున్నారు. మాస్టర్ పౌనఃపున్యం స్లేవ్ కంటే తక్కువగా ఉంటే లాకింగ్, అంటే స్లేవ్ మాస్టర్ పౌనఃపున్యాన్నే అందుకోవడం, సులువుగా వస్తోంది. ఎక్కువగా ఉంటే మాత్రం ఆర్ఎఫ్ స్పెక్ట్రమ్‌లో (కాంతి తీవ్రత ఏ రేడియో పౌనఃపున్యాలతో ఊగుతోందో చూపే చిత్రం) 9 గిగాహెర్ట్జ్ దగ్గర ఒక శిఖరం నిటారుగా లేస్తోంది. ఇంజెక్షన్ (స్లేవ్‌లోకి పంపే కాంతి) కాస్త పెంచగానే దానిలో సగం పౌనఃపున్యం దగ్గర మరో శిఖరం వస్తోంది. ఇంకా పెంచితే అన్నీ కలిసిపోయి వెడల్పాటి గుట్టలా మారుతున్నాయి. ఇది అమరికలోని లోపమా, లేజర్ పాడైందా, లాకింగ్ తప్ప ఈ పద్ధతికి వేరే ఉపయోగం ఉందా అని అడిగారు.

మీ లేజర్ పాడవలేదు. మొదట ఒకే పౌనఃపున్యంతో డోలనం, తర్వాత దానిలో సగం, ఆ తర్వాత కేయాస్ (నియమబద్ధంగా పుట్టినా ముందే ఊహించలేని క్రమరహిత డోలనం) అనే ఈ క్రమం, బయటి కాంతి పడుతున్న సెమీకండక్టర్ లేజర్ సహజంగా నడిచే దారే. 1990లలో దీన్ని ప్రయోగాలతోనూ, సమీకరణాలతోనూ స్పష్టంగా నిర్ధారించారు. లాకింగ్ కుదిరే ప్రాంతం ఎంత విలువైనదో, మీరు లోపమని అనుమానిస్తున్న ప్రాంతాలు కూడా అంతే విలువైనవని నేను గట్టిగా నమ్ముతాను. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ఒక డోలకం మరో డోలకాన్ని తన లయలోకి తెచ్చుకోవడం చాలా కాలంగా తెలిసిన సంగతే. 1665లో క్రిస్టియాన్ హైగెన్స్ రెండు లోలక గడియారాలు ఒకదాని లయను మరొకటి అందుకోవడం గమనించాడు. 1946లో రాబర్ట్ ఆడ్లర్ ఎలక్ట్రానిక్ డోలకాల విషయంలో ఈ లాకింగ్‌ను ఒక చిన్న సమీకరణంలో ఇమిడ్చాడు. 1966లో స్టోవర్, స్టియర్ అనే ఇద్దరు పరిశోధకులు హీలియం-నియాన్ లేజర్లలో దీన్ని చేసి చూపారు. ఆడ్లర్ సమీకరణం ప్రకారం, రెండు పౌనఃపున్యాల తేడా, అంటే డీట్యూనింగ్ (మాస్టర్‌ది ఎక్కువైతే ధనం, తక్కువైతే రుణం), ఒక హద్దు లోపల ఉంటే లాకింగ్ జరుగుతుంది, దాటితే జరగదు. ఆ హద్దు ధన వైపూ రుణ వైపూ ఒకేలా ఉంటుంది. డయోడ్ లేజర్ దగ్గరకు వచ్చేసరికి ఈ సమానత్వం నిలవదు. మీ బల్ల మీద కనిపిస్తున్న తేడాకు మూలం అదే.

కారణం క్యారియర్లలో, అంటే విద్యుత్తును మోసే ఎలక్ట్రాన్లు, హోల్స్‌లో (ఎలక్ట్రాన్ లేని ఖాళీలు) ఉంది. డయోడ్ లేజర్ కుహరంలో (లేజర్ లోపల కాంతి అటూఇటూ తిరిగే చోటు) ఫోటాన్ నిలిచే కాలం కొద్ది పికోసెకన్లు మాత్రమే. ఎలక్ట్రాన్లు, హోల్స్ తిరిగి కలిసిపోవడానికి పట్టే కాలం నానోసెకను స్థాయిలో ఉంటుంది. వేగంగా మారే ఫోటాన్ల సంఖ్య, నెమ్మదిగా మారే క్యారియర్ల సంఖ్య పరస్పరం శక్తిని ఇచ్చిపుచ్చుకోవడం వల్ల ఈ లేజర్‌కు సొంతంగా ఒక సహజ డోలనం ఉంటుంది. రిలాక్సేషన్ డోలనం అని పిలిచే ఇది సాధారణంగా కొన్ని గిగాహెర్ట్జ్‌ల దగ్గర ఉంటుంది, విడిగా నడిచే లేజర్‌లో త్వరగా అణగిపోతుంది. దీనికి తోడు, క్యారియర్ల సాంద్రత మారితే లాభం (కాంతిని పెంచే సామర్థ్యం) ఒక్కటే మారి ఊరుకోదు, పదార్థం వక్రీభవన గుణకం కూడా మారుతుంది. ఈ రెండు మార్పుల నిష్పత్తినే ఆల్ఫా గుణకం అంటారు. 1982లో చార్లెస్ హెన్రీ డయోడ్ లేజర్ల గీత వెడల్పు (కాంతి పౌనఃపున్యం పరచుకున్న మేర) పాత అంచనాల కంటే అంత ఎక్కువగా ఎందుకు ఉందో ఈ గుణకంతోనే వివరించాడు. అదే ఏడాది రాయ్ లాంగ్ దాన్ని ఇంజెక్షన్ లాకింగ్‌కు అన్వయించి, లాకింగ్ పరిధి ఒక వైపుకు ఎందుకు సాగుతుందో చూపాడు. సాధారణ క్వాంటమ్ వెల్ లేజర్లలో ఆల్ఫా విలువ 2 నుంచి 6 వరకు ఉంటుంది.

ఇప్పుడు మీ స్లేవ్ లోపల జరిగేది వరుసగా చూడండి. మాస్టర్ కాంతి లోపలికి రాగానే ఉత్తేజిత ఉద్గారం (ఉన్న కాంతి మరింత కాంతిని పుట్టించడం) పెరిగి క్యారియర్లు ఖర్చవుతాయి. క్యారియర్లు తగ్గితే లాభం తగ్గి, వక్రీభవన గుణకం పెరుగుతుంది. గుణకం పెరిగితే కుహరం అనునాద పౌనఃపున్యం తక్కువ వైపుకు, అంటే ఎరుపు వైపుకు జరుగుతుంది. మాస్టర్ పౌనఃపున్యం అటువైపే ఉంటే కుహరం తానే ఎదురు వెళ్లి దాన్ని కలుసుకుంటుంది, కనుక లాకింగ్ సులువు. మాస్టర్ పై వైపున ఉంటే కుహరం దాని నుంచి ఇంకా దూరం జరుగుతుంది. అప్పుడు మాస్టర్ పౌనఃపున్యం, జరిగిన కుహరం పౌనఃపున్యం రెండూ ఒకే లేజర్ లోపల నిలిచి, వాటి తేడాతో సమానమైన డోలనం కాంతి తీవ్రతలో కనిపిస్తుంది. మీరు డీట్యూనింగ్‌ను 6 గిగాహెర్ట్జ్‌ల దగ్గర పెట్టి, 9 గిగాహెర్ట్జ్‌ల దగ్గర శిఖరం చూస్తున్నారంటే కుహరం సుమారు 3 గిగాహెర్ట్జ్‌లు కిందికి జరిగిందన్నమాట. ఇక్కడ చాలామంది తికమకపడతారు. వారు విడిగా నడుస్తున్నప్పటి స్లేవ్ పౌనఃపున్యాన్నే మనసులో పెట్టుకుని లెక్క వేస్తారు, అది సరిపోకపోతే పరికరాన్ని అనుమానిస్తారు.

అంకెలతో చూస్తే పరిస్థితి ఎంత సున్నితమో తెలుస్తుంది. కుహరం పొడవు 300 మైక్రోమీటర్లు, గ్రూప్ వక్రీభవన గుణకం 3.5 అనుకుంటే, కాంతి ఒకసారి అటూఇటూ తిరిగి రావడానికి 7 పికోసెకన్లు పడుతుంది. కుహరంలోకి నిజంగా చేరిన మాస్టర్ శక్తి, లోపలి శక్తిలో పదివేలవ వంతు ఉంటే, కాంతి క్షేత్రాల నిష్పత్తి నూరవ వంతు అవుతుంది. దీన్ని 7 పికోసెకన్లతో, ఆ తర్వాత 2 పై తో భాగిస్తే వచ్చేది సుమారు 0.23 గిగాహెర్ట్జ్. ధన వైపు సైద్ధాంతిక హద్దు ఇదే. రుణ వైపు హద్దు, ఆల్ఫా వర్గానికి ఒకటి కలిపి వర్గమూలం తీసిన విలువతో దీన్ని గుణిస్తే వస్తుంది. ఆల్ఫా 3 అయితే ఆ గుణకం 3.16, హద్దు 0.72 గిగాహెర్ట్జ్. ఇంజెక్షన్ శక్తిని నూరు రెట్లు పెంచితే రెండు హద్దులూ పదేసి రెట్లు పెరుగుతాయి. ఇవి ఫాబ్రీ-పెరో నమూనాతో (రెండు చివర్లా అద్దాలున్న సాదా కుహరం) వేసిన అంచనాలు. డీఎఫ్‌బీలో గ్రేటింగ్, ముఖాల పూతలను బట్టి మారుతాయి, అయినా స్థాయి ఇదే. ఇక 1550 నానోమీటర్ల డీఎఫ్‌బీ ఒక డిగ్రీ వేడెక్కితే తరంగదైర్ఘ్యం దాదాపు 0.1 నానోమీటరు, అంటే సుమారు 12.5 గిగాహెర్ట్జ్ జరుగుతుంది. మొదటి ఉదాహరణలోని మొత్తం లాకింగ్ పరిధి 0.95 గిగాహెర్ట్జ్, అంటే ఒక డిగ్రీలో పదో వంతు కూడా కాదు. ఉష్ణోగ్రత నియంత్రణ 0.01 డిగ్రీ లోపు స్థిరంగా లేని బల్ల మీద బలహీన ఇంజెక్షన్‌తో పనిచేయడం దండగ.

సైద్ధాంతిక హద్దు లోపల ఉన్నంత మాత్రాన స్థిరత్వం వస్తుందని కూడా కాదు. లాకింగ్ ప్రాంతం రుణ వైపు అంచు ఒక రకంగా, ధన వైపు అంచు మరో రకంగా తెగుతాయి. రుణ అంచు దాటితే మాస్టర్, స్లేవ్ పౌనఃపున్యాలు విడిపోయి బీట్ (వాటి తేడాతో సమానమైన ఊగిసలాట) మొదలవుతుంది. ఇంజెక్షన్ బలంగా ఉంటే అక్కడ హిస్టెరిసిస్ కూడా కనిపిస్తుంది: ఉష్ణోగ్రతను ఒక దిశలో మార్చినప్పుడు లాకింగ్ తెగిన చోటు, తిరుగు దిశలో అది మళ్లీ కుదిరిన చోటు ఒకటిగా ఉండవు. ధన అంచు దగ్గర, మరీ బలహీనమైన ఇంజెక్షన్‌ను మినహాయిస్తే, రిలాక్సేషన్ డోలనం అణగడం మానేసి నిలిచిపోతుంది. గణితంలో దీన్ని హాప్ఫ్ బైఫర్కేషన్ అంటారు. అలా పుట్టిన డోలనమే మీ ఒంటరి శిఖరం. ఇంజెక్షన్ మధ్యస్థంగా ఉన్నప్పుడు, డీట్యూనింగ్ తక్కువగా ఉన్న ఒక ప్రాంతంలో, ఈ డోలనం ఆవర్తన కాలం రెట్టింపై, మళ్లీ రెట్టింపై, చివరకు కేయాస్ అవుతుంది. దాని చుట్టూ మళ్లీ క్రమమైన డోలనాల ప్రాంతం విస్తరించి ఉంటుంది. కాబట్టి మీరు అటెన్యుయేటర్‌ను అదే దిశలో ఇంకా తిప్పి చూడండి. గుట్ట కరిగి సగం పౌనఃపున్యం శిఖరం తిరిగి రావాలి, తర్వాత ఒంటరి శిఖరం మిగలాలి, డీట్యూనింగ్ చిన్నదైతే చివరకు లాకింగ్ కూడా కుదరాలి. ఇలా వెనక్కి వచ్చే క్రమం కనిపిస్తే అది కేవలం నాయిస్ కాదనడానికి అంతకు మించిన సాక్ష్యం అక్కర్లేదు.

అయినా అమరికను పరీక్షించకుండా వదలవద్దు, ఎందుకంటే వెనుదిరిగి వచ్చే ప్రతిఫలనం కూడా డయోడ్ లేజర్‌ను కేయాస్‌లోకి నెట్టగలదు. మాస్టర్ కాంతిని పూర్తిగా ఆపండి. ఆర్ఎఫ్ స్పెక్ట్రమ్‌లో గుట్ట అప్పటికీ ఉంటే దోషం ఫీడ్‌బ్యాక్‌ది. స్లేవ్ నుంచి 5 మీటర్ల ఫైబర్ అవతల ఏదో కనెక్టర్ ప్రతిఫలిస్తుంటే సుమారు 20 మెగాహెర్ట్జ్‌ల ఎడంతో వరుస శిఖరాలు కనిపిస్తాయి. ఎడం కొలిస్తే దోషమున్న కనెక్టర్ ఎంత దూరంలో ఉందో లెక్క కట్టవచ్చు. నీలం కనెక్టర్లు తీసేసి, ముఖం ఏటవాలుగా ఉండే ఆకుపచ్చ ఏపీసీ కనెక్టర్లు పెట్టడం ఇందుకే. తర్వాత పోలరైజేషన్ (కాంతి క్షేత్రం ఊగే దిశ) కంట్రోలర్ తిప్పండి. మాస్టర్ పోలరైజేషన్ స్లేవ్‌కు లంబంగా అయినప్పుడు ఈ ప్రభావం దాదాపుగా మాయం కావాలి. ఉపరితలం నుంచి కాంతి వెలువరించే వీసీఎస్ఈఎల్‌లలో మాత్రం లంబ పోలరైజేషన్ కూడా ఊరుకోదు, లేజర్ పోలరైజేషన్‌నే మార్చేస్తుంది. అది వేరే కథ.

కొత్తగా ఈ పని మొదలుపెట్టేవారికి మరో ముఖ్యమైన మాట. టెలికాం కోసం తయారైన బటర్‌ఫ్లై డీఎఫ్‌బీ మాడ్యూళ్లలో చాలావాటికి లోపలే ఐసొలేటర్ (కాంతిని ఒకే దిశలో పోనిచ్చే పరికరం) ఉంటుంది. మాస్టర్‌కు అది వరం, స్లేవ్‌కు శాపం: పంపిన కాంతిలో వెయ్యో వంతు కూడా చిప్‌ను చేరకపోవచ్చు. మీకు లాకింగ్ కనిపిస్తోంది కనుక మీ స్లేవ్‌లో అది లేదనే అనుకోవాలి, అయినా డేటాషీట్‌ను ఒకసారి చూసుకోండి. అలాగే ఆప్టికల్ స్పెక్ట్రమ్ ఎనలైజర్‌ను ఒక్కదాన్నే నమ్మవద్దు. గ్రేటింగ్ రకం పరికరం 0.02 నానోమీటర్ల విభేదన శక్తితో పనిచేస్తే 2.5 గిగాహెర్ట్జ్ లోపు తేడాలన్నీ అందులో ఒకే గీతగా కలిసిపోతాయి. లాక్ అయినట్టు కనిపించే లేజర్ నిజానికి డోలనంలో ఉండవచ్చు. వేగవంతమైన ఫోటోడయోడ్, ఆర్ఎఫ్ ఎనలైజర్ కలిపి చూసినప్పుడే లాకింగ్ జరిగిందని చెప్పాలి.

ఇక ఉపయోగాలు. స్థిరమైన లాకింగ్‌లో స్లేవ్ తన శక్తిని నిలుపుకుంటూనే మాస్టర్ పౌనఃపున్యాన్ని, గీత వెడల్పును అనుసరిస్తుంది. రుబీడియం పరమాణువులను 780 నానోమీటర్ల కాంతితో చల్లబరిచే ప్రయోగశాలలు దీన్ని ఎప్పటినుంచో వాడుతున్నాయి: సన్నని గీత ఉన్న చిన్న మాస్టర్ నుంచి కొద్దిపాటి కాంతిని తీసుకుని, శక్తిమంతమైన మామూలు డయోడ్‌లోకి పంపి, కావలసినంత శుద్ధమైన కాంతిని పొందుతారు. బలంగా ఇంజెక్ట్ చేస్తే డయోడ్‌ను నేరుగా మాడ్యులేట్ చేసే (కరెంట్‌తో కాంతి తీవ్రతను మార్చే) వేగం కూడా పెరుగుతుంది. 2008లో బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బృందం ఈ పద్ధతిలో 100 గిగాహెర్ట్జ్ దాటిన అనునాద పౌనఃపున్యాన్ని చూపింది. ఆ అంకె చూసి ఆశపడేవారు ఒక విషయం గమనించాలి. ధన డీట్యూనింగ్ వైపు అనునాదం ఎంత పైకి వెళితే, తక్కువ పౌనఃపున్యాల దగ్గర స్పందన అంత కుంగిపోతుంది. డేటా పంపడానికి కావలసింది చదునైన స్పందన కనుక, నా దృష్టిలో ఆ పనికి అనువైన చోటు లాకింగ్ ప్రాంతం మధ్య భాగమే. అత్యధిక అనునాదాన్నిచ్చే ధన అంచు అందుకు పనికిరాదు.

మీ 9 గిగాహెర్ట్జ్ శిఖరం నాకు ఇంకా ఆసక్తికరం. ఏ ఎలక్ట్రానిక్ మైక్రోవేవ్ జనరేటరూ లేకుండా, రెండు డయోడ్ల ఉష్ణోగ్రతనూ ఇంజెక్షన్ బలాన్నీ మార్చి, కొన్ని గిగాహెర్ట్జ్‌ల నుంచి అనేక పదుల గిగాహెర్ట్జ్‌ల వరకు మైక్రోవేవ్‌ను కాంతి మీద మోయించవచ్చు. ఫైబర్ మీదుగా రేడియో సంకేతాలను పంపేవారికి ఇందులో ఒక ప్రత్యేకమైన మేలు ఉంది. మామూలుగా మాడ్యులేట్ చేసిన కాంతికి రెండు పక్కలా సైడ్‌బ్యాండ్‌లు (సంకేతాన్ని మోసే పక్క పౌనఃపున్యాలు) ఉంటాయి. ఫైబర్‌లోని డిస్పర్షన్ (ఒక్కో పౌనఃపున్యం ఒక్కో వేగంతో వెళ్లడం) వాటి దశలను వేర్వేరుగా మార్చడంతో కొంత దూరం వెళ్లాక అవి ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. కిలోమీటరుకు, నానోమీటరుకు 17 పికోసెకన్ల డిస్పర్షన్ ఉన్న సాధారణ ఫైబర్‌లో 60 గిగాహెర్ట్జ్ సంకేతం సుమారు ఒక కిలోమీటరు దగ్గరే శూన్యమవుతుంది. ఇంజెక్షన్ వల్ల పుట్టిన డోలనంలో మాత్రం కుహరం జరిగిన వైపున్న సైడ్‌బ్యాండే ప్రబలంగా ఉంటుంది, రెండోది చాలా బలహీనం, కనుక ఈ రద్దు చాలావరకు తప్పుతుంది. లోటు ఏమిటంటే, స్వతఃసిద్ధ ఉద్గారం (తనంతట యాదృచ్ఛికంగా వెలువడే కాంతి) వల్ల ఈ మైక్రోవేవ్ గీత మెగాహెర్ట్జ్ స్థాయిలో వెడల్పుగా ఉంటుంది. కొద్దిపాటి ఆప్టికల్ ఫీడ్‌బ్యాక్‌తోనో, స్లేవ్ కరెంట్‌కు చిన్న మైక్రోవేవ్ సంకేతాన్ని కలిపో దాన్ని సన్నబరుస్తారు. డీట్యూనింగ్ కాస్త కదిలినా డోలన పౌనఃపున్యం దాదాపు మారని కొన్ని పనిబిందువులు కూడా ఈ ప్రాంతంలో ఉన్నాయి. వాటిని వెతికి పట్టుకుంటే ఉష్ణోగ్రత ఊగిసలాట బాధ చాలా తగ్గుతుంది.

కేయాస్‌కు సమాచార రంగంలో చోటు దొరికింది. 2005లో ఏథెన్స్ నగర ఫైబర్ నెట్‌వర్క్‌లో 120 కిలోమీటర్ల దూరం, సెకనుకు గిగాబిట్ స్థాయి వేగంతో, లేజర్ కేయాస్‌లో దాచిన సందేశాన్ని పంపి తిరిగి రాబట్టారు. అక్కడ పంపే లేజర్‌లో కేయాస్ ఫీడ్‌బ్యాక్ వల్ల పుడుతుంది. అందుకునే లేజర్ ఆ కాంతిని ఇంజెక్షన్‌గా తీసుకుని దానితో లయ కలుపుతుంది. యాదృచ్ఛిక సంఖ్యల తయారీలోనూ కేయాస్ లేజర్లు వాడుతున్నారు, ఇంజెక్షన్ తోడైతే కేయాస్ పట్టీ వెడల్పు పెరుగుతుంది. 2013లో స్పెయిన్‌లోని పాల్మా బృందం డయోడ్ లేజర్‌లోకి సమాచారాన్ని కాంతి రూపంలో ఇంజెక్ట్ చేసి, దాని స్పందనతో రిజర్వాయర్ కంప్యూటింగ్ (సంక్లిష్ట వ్యవస్థ స్పందననే గణనకు వాడే) పద్ధతిలో మాటలను గుర్తించి చూపింది. లాకింగ్ అంచున లేజర్ నాడీకణంలా ప్రవర్తించే చోటు కూడా ఒకటుంది: చిన్న కుదుపుకు స్పందించదు, హద్దు దాటిన కుదుపుకు నిండు స్పందన ఒకటి విడుదల చేసి మళ్లీ శాంతిస్తుంది.

క్వాంటమ్ కీ పంపిణీలో (రహస్య సంకేతాల తాళాలను బలహీన కాంతి పల్సులతో పంపడం) మాత్రం ఇది రెండువైపులా పదునున్న పద్ధతి. ఒక లేజర్‌తో మరో లేజర్ పల్సుల దశను నిర్ణయించి, విడిగా మాడ్యులేటర్ లేకుండానే సంకేతాలు తయారుచేయవచ్చు. కానీ అదే లేజర్‌లోకి శత్రువు బయటి నుంచి కాంతిని పంపగలిగితే, పల్సుల దశ యాదృచ్ఛికంగా ఉండాలన్న షరతు దెబ్బతింటుంది, పల్సు శక్తి పెరిగిపోవచ్చు, భద్రతా లెక్కలు తప్పుతాయి. అందుకే అలాంటి వ్యవస్థల్లో ఐసొలేషన్ ఎన్ని డెసిబెల్‌లు ఉండాలన్నది భద్రతా ప్రశ్న అవుతుంది.

మీరు తర్వాత చేయవలసిన పని గురించి నా సలహా. లాకింగ్ కోసం తంటాలు పడే ముందు ఒక పటం గీయండి. అడ్డంగా ఇంజెక్షన్ బలం, నిలువుగా డీట్యూనింగ్ తీసుకుని, ప్రతి బిందువు దగ్గర ఆప్టికల్ స్పెక్ట్రమ్, ఆర్ఎఫ్ స్పెక్ట్రమ్ రెండూ నమోదు చేయండి. డీట్యూనింగ్‌ను మాస్టర్ వైపు నుంచే మార్చండి. స్లేవ్ కరెంట్‌ను మార్చితే దాని రిలాక్సేషన్ పౌనఃపున్యం, శక్తి కూడా మారిపోయి, పటంలోని బిందువులు ఒకదానితో ఒకటి పోల్చడానికి పనికిరావు. ఇంజెక్షన్ బలాన్ని ఫైబర్‌లోని మిల్లీవాట్లలో రాయకండి, ఎందుకంటే కుహరంలోకి ఎంత చేరిందో అది చెప్పదు. బలహీన ఇంజెక్షన్ దగ్గర లాకింగ్ పరిధిని కొలిచి, ఆల్ఫా విలువ విడిగా తెలిస్తే, దాని నుంచి వెనక్కి లెక్కించవచ్చు. ప్రతి వరుసనూ డీట్యూనింగ్ పెంచుతూ ఒకసారి, తగ్గిస్తూ ఒకసారి కొలవండి, హిస్టెరిసిస్ హద్దులు అప్పుడే దొరుకుతాయి. ఆ పటంలో మీ 9 గిగాహెర్ట్జ్ బిందువు ఎక్కడ పడిందో, దాని పొరుగున ఏముందో ఇక్కడ రాస్తే, ఆ డోలనాన్ని సన్నబరచడానికి ఫీడ్‌బ్యాక్ మేలా, మైక్రోవేవ్ సంకేతం మేలా అన్నది అంకెలతో చూసి చెప్పగలను.